పాత లాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ లినక్స్‌తో నడపడం: చేసిన మార్పులు పోకుండా ఉండాలంటే

మీరు అడిగినదాని సారాంశం ఇది. కోర్ 2 డుయో లాప్‌టాప్, 2 జీబీ ర్యామ్, అందులో 32 బిట్ విండోస్ 10. హార్డ్‌డిస్క్‌లో ఉన్న ఫొటోల జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఒక తేలికపాటి లినక్స్ నడవాలి. మొదటి ప్రయత్నంలో బూటే కాలేదు. రెండోసారి బూట్ అయింది, వైఫై, తెలుగు ఫాంట్లు అన్నీ పెట్టుకున్నారు, ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ మిగల్లేదు.

రెండోది మీ పొరపాటు కాదు, పెన్‌డ్రైవ్ పాడైపోనూ లేదు. ఐఎస్‌ఓ ఫైల్‌ని (లినక్స్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా ఇచ్చేది) ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీదికి దింపితే అది సీడీలాగే తయారవుతుంది. చదవడానికి వీలుంటుంది, రాయడానికి ఉండదు. మీరు చేసిన మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, ఆపగానే పోతాయి. మార్పులు నిలవాలంటే పెన్‌డ్రైవ్‌ని వేరే పద్ధతిలో తయారు చేయాలి. ఆ పద్ధతికి మీ దగ్గర ఇప్పటికే లినక్స్ నడుస్తూ ఉంటే పని సులువు. అందుకే రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలంటున్నాను. ఒకటి 4 జీబీది, గంటసేపు ఎవరినైనా అడిగి తెచ్చుకున్నా చాలు. రెండోది 16 జీబీది, అదే మీకు ఎప్పటికీ ఉండేది.

ముందు ప్రాసెసర్ సంగతి. విండోస్ 32 బిట్ అయినంత మాత్రాన ప్రాసెసర్ 32 బిట్‌ది కాదు. ర్యామ్ తక్కువగా ఉందని షాపుల్లో 32 బిట్ విండోస్ వేసి ఇచ్చిన లాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే సిస్టమ్ టైప్ అనే వరుస కనిపిస్తుంది. అందులో '32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్' అని ఉంటే మీది 64 బిట్ యంత్రమే. కోర్ 2 డుయోలన్నీ 64 బిట్టే. పేరులో 2 లేని పాత కోర్ డుయో, పెంటియం ఎం, నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 మాత్రం 32 బిట్‌వి. 64 బిట్ లినక్స్‌ని అలాంటివాటిలో బూట్ చేస్తే 'ఈ కెర్నల్‌కి (లినక్స్ మూల భాగానికి) ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఉన్నది ఐ686 (32 బిట్‌ది)' అనే అర్థంలో ఒక్క వాక్యం చూపించి ఆగిపోతుంది.

ర్యామ్ 2 జీబీయే కదా, 32 బిట్ లినక్స్ వేస్తే మెమరీ కలిసొస్తుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. కొంత కలిసొస్తుంది, నిజమే. కానీ బ్రౌజర్లు ఆ దారి మూసేస్తున్నాయి. క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది. డెబియన్ అనే లినక్స్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ప్రాసెసర్ 64 బిట్ అయితే 64 బిట్టే తీసుకోండి.

మీ యంత్రానికి నేను చెప్పేది యాంటీఎక్స్ అనే లినక్స్. డెబియన్ మీద నిర్మించింది, సిస్టమ్‌డీ (వెనక నడిచే సేవలను మొదలుపెట్టి చూసుకునే పెద్ద భాగం) లేకుండా నడుస్తుంది, ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌తో వస్తుంది. బూట్ అయ్యాక ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 300 ఎంబీ లోపే వాడుతుంది కాబట్టి మిగతాది బ్రౌజర్‌కి దక్కుతుంది. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అందంగా ఉంటుంది గానీ దానికి 2 జీబీ కనీస అవసరం, 4 జీబీ ఉంటేనే హాయి. పప్పీ లినక్స్ కూడా పెన్‌డ్రైవ్ కోసమే పుట్టినట్టు ఉంటుంది, అయితే అందులో మామూలుగా అన్నీ సర్వాధికారాలున్న రూట్ యూజర్‌గానే నడుస్తాయి. ఇంట్లో పిల్లలు కూడా వాడే కంప్యూటర్‌కి నేను దాన్ని సూచించను. యాంటీఎక్స్‌ని ఎంచుకోవడానికి అసలు కారణం తేలికదనం కాదు, మార్పులు నిలిపి ఉంచే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే) పనిముట్లు. ఎంఎక్స్ లినక్స్‌తో కలిసి పెంచుకున్న ఆ పనిముట్లకు సాటి వచ్చేవి తక్కువ.

డెబియన్ 12 మీద వచ్చిన యాంటీఎక్స్ 23లో ఫుల్, బేస్, కోర్, నెట్ అని నాలుగు రకాలున్నాయి. మీకు 64 బిట్ ఫుల్ కావాలి, సుమారు 1.8 జీబీ. కోర్, నెట్ రకాలు చిన్నవిగా ఉన్నాయని వాటిని దింపుకోకండి, వాటిలో డెస్క్‌టాప్ ఉండదు, నల్ల తెర మీద కమాండ్లతోనే మొదలుపెట్టాలి.

ఐఎస్‌ఓ దిగాక దాన్ని సరిచూడటం మానకండి. మొబైల్ డేటాతో దింపినప్పుడు మధ్యలో తెగి, ఫైల్ పూర్తయినట్టే కనిపించడం మామూలే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్ కమాండ్‌కి హాష్‌ఫైల్ ఆప్షన్ ఇచ్చి, ఐఎస్‌ఓ పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని టైప్ చేస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. అది ఆ ఫైల్ వేలిముద్ర లాంటిది, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన వరుసతో సరిపోవాలి. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్‌ఏ512 ఇచ్చి ఉంటే చివర అదే టైప్ చేయండి, వరుస ఇంకా పొడవుగా ఉంటుంది. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయకుండా మొత్తం వరుసని నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ పనికిరాదు, మళ్లీ దింపాల్సిందే.

పెన్‌డ్రైవ్‌ని కూడా పరీక్షించాలి. 16 జీబీ అని పైన రాసి లోపల 4 జీబీ చిప్ పెట్టి అమ్మే నకిలీలు దొరుకుతూనే ఉన్నాయి. అవి మొదట్లో బాగానే పనిచేస్తాయి, ఆ 4 జీబీ నిండాక రాసిందల్లా గాల్లో కలుస్తుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే చిన్న ప్రోగ్రామ్‌లు డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివి, నిజం చెబుతాయి. సెకనుకు 6 ఎంబీ రాసే మామూలు పెన్‌డ్రైవ్‌కి 16 జీబీ నింపడానికే ముప్పావుగంట పడుతుంది. ఆ సమయం పెట్టండి. మార్పులు దాచుకునేది ఇందులోనే కాబట్టి ఇది నకిలీ అయితే నెల రోజుల తర్వాత తెలుస్తుంది, అప్పటికి మీ ఫైళ్లు అందులో ఉంటాయి.

ఇప్పుడు మొదటి పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ చేసుకోండి. విండోస్‌లో రూఫస్ (ఐఎస్‌ఓని పెన్‌డ్రైవ్ మీద రాసే ప్రోగ్రామ్) తెరవండి, డివైస్ దగ్గర మీ పెన్‌డ్రైవ్ పేరూ సైజూ సరిచూసుకోండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఏదైనా తగిలించి ఉంటే పీకేయండి. ఐఎస్‌ఓని ఎంచుకుని స్టార్ట్ నొక్కితే ఐఎస్‌ఓ మోడ్‌లో రాయాలా, డీడీ మోడ్‌లో రాయాలా అని అడుగుతుంది. అక్కడ ఐఎస్‌ఓ మోడ్‌ని సిఫార్సు చేస్తున్నట్టు ఉంటుంది. మీరు డీడీ మోడ్ ఎంచుకోండి. ఐఎస్‌ఓ మోడ్‌లో రూఫస్ ఫైళ్లను విడదీసి తన బూట్‌లోడర్‌తో (సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) మళ్లీ పేరుస్తుంది, పాత బయోస్‌లు (లాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్‌లు) కొన్నిసార్లు అక్కడే తడబడతాయి. డీడీ మోడ్‌లో యాంటీఎక్స్ వాళ్లు తయారు చేసిన బూట్‌లోడర్ బైట్ మారకుండా దిగుతుంది. మీ మొదటి ప్రయత్నం విఫలమవడానికి ఈ మోడ్ ఒక కారణం అయి ఉండొచ్చు, ఇంకోటి బయోస్, దాని గురించి కింద చెబుతాను.

సెకనుకు 6 ఎంబీ లెక్కన 1.8 జీబీ రాయడానికి అయిదు నిమిషాలు. అయిపోయాక విండోస్ 'ఈ డ్రైవ్‌ని ఫార్మాట్ చేయాలి' అని పెట్టె చూపిస్తే క్యాన్సిల్ నొక్కండి. లినక్స్ అమరిక విండోస్‌కి అర్థం కాక అడుగుతుందంతే. అక్కడ సరే అంటే ఇంతసేపు చేసింది తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ఒక్క పెట్టె వల్ల పని మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఎందరో.

ఇంట్లో ఇంకో లినక్స్ కంప్యూటర్ ఉంటే రూఫస్ బదులు డీడీ కమాండే వాడొచ్చు. ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో పెన్‌డ్రైవ్ పేరు తెలుసుకోండి. ఎస్‌డీబీ అనే మొత్తం పరికరానికి రాయాలి, ఎస్‌డీబీ1 అనే భాగానికి కాదు. భాగానికి రాస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి గానీ బూట్ కాదు. పేరు ఒక్క అక్షరం తప్పితే హార్డ్‌డిస్క్ మీద రాసేస్తుంది, డీడీ రెండోసారి అడగదు.

బూట్ చేయడం. పెన్‌డ్రైవ్ తగిలించాకే లాప్‌టాప్ ఆన్ చేయండి, పాత బయోస్‌లు ఆన్ అయ్యే క్షణంలో ఉన్నవాటినే గుర్తిస్తాయి. డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్ అయితే ఎస్కేప్ నొక్కుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ అనే దాన్ని ఎనేబుల్ చేస్తేనే పనిచేస్తుంది. మెనూలో పెన్‌డ్రైవ్ కనబడకపోతే బయోస్‌లో హార్డ్ డిస్క్ డ్రైవ్స్ అనే జాబితా తెరవండి. పాత బయోస్‌లు పెన్‌డ్రైవ్‌ని హార్డ్‌డిస్క్‌గా లెక్కేసి ఆ జాబితాలో రెండో స్థానంలో పెడతాయి. దాన్ని పైకి తేవాలి. మీరు యూఎస్‌బీ ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ జిప్ లాంటివి ఎంచుకుని ఉంటే బూట్ కాదు, యూఎస్‌బీ హెచ్‌డీడీ అన్నదే సరైనది.

ఇదే చదివి కొత్త లాప్‌టాప్‌లో ప్రయత్నించేవాళ్లకు ఒక హెచ్చరిక. యాంటీఎక్స్ బూట్ కావాలంటే సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌లను బూట్ కానివ్వని రక్షణ) ఆపాలి. ఆపేముందు విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. లేకపోతే తర్వాతిసారి విండోస్ 48 అంకెల కీ అడిగి అక్కడే ఆగుతుంది. మీ లాప్‌టాప్ కాలానికి సెక్యూర్ బూట్ లేదు కాబట్టి మీకు ఈ బెంగ లేదు.

మెనూ వచ్చాక ఆప్షన్స్‌లో చెక్ఎండీ5 అనేది ఎంచుకుని ఒకసారి బూట్ చేయండి. పెన్‌డ్రైవ్ మీద దిగింది సరిగ్గా ఉందో లేదో అదే చూసుకుంటుంది. రూఫస్ రాసిన తర్వాత తిరిగి చదివి పోల్చదు కాబట్టి ఈ పరీక్ష అవసరం. స్క్వాష్ఎఫ్ఎస్ (కుదించిన సిస్టమ్ ఫైల్) ఎర్రర్ అని వరుసలు పరుగెత్తితే నూటికి తొంభైసార్లు పెన్‌డ్రైవ్‌దే తప్పు. లాప్‌టాప్‌ని అనుమానించే ముందు పెన్‌డ్రైవ్ మార్చి చూడండి. తెర నల్లగా ఉండిపోతే నోమోడ్‌సెట్ అనే మాటను బూట్ వరుస చివర చేర్చండి, లేదా మెనూలోని సేఫ్ వీడియో ఎంపిక తీసుకోండి.

డెస్క్‌టాప్ వచ్చింది అనుకుందాం. ఇప్పుడు 16 జీబీ పెన్‌డ్రైవ్ తగిలించండి. కంట్రోల్ సెంటర్‌లో లైవ్ అనే విభాగంలో లైవ్ యూఎస్‌బీ మేకర్ ఉంటుంది. పాస్‌వర్డ్ అడిగితే డెమో అని ఇవ్వండి. టార్గెట్‌గా కొత్త పెన్‌డ్రైవ్, మూలంగా 'ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌ని క్లోన్ చేయి' అన్నది ఎంచుకోండి, మళ్లీ ఐఎస్‌ఓ వెతుక్కోనక్కర్లేదు. మోడ్ మాత్రం ఫుల్ ఫీచర్డ్ ఉండాలి. ఇమేజ్ మోడ్ లేదా డీడీ ఎంచుకుంటే మళ్లీ సీడీలాంటి పెన్‌డ్రైవే తయారవుతుంది, మీ రెండో ప్రయత్నం కథే పునరావృతం. ఫుల్ ఫీచర్డ్‌లో ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ అమరికతో భాగం ఒకటి తయారవుతుంది, ఇందులో రాయడానికి వీలుంటుంది. పెన్‌డ్రైవ్ బయటికి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే అక్కడే ఎన్‌క్రిప్ట్ అనే గుర్తు పెట్టండి, తర్వాత పెట్టాలంటే మొత్తం మళ్లీ చేయాలి.

మొదటి పెన్‌డ్రైవ్ తీసేసి కొత్తదానితో బూట్ చేయండి. బూట్ మెనూలో ఎఫ్5 నొక్కితే పెర్సిస్ట్ (మార్పులు నిలిపి ఉంచే పద్ధతుల) జాబితా వస్తుంది. ఇక్కడే ఎక్కువమంది తప్పు ఎంచుకుంటారు. పెర్సిస్ట్ రూట్ అనేది మార్పులను ర్యామ్‌లో ఉంచి, ఆపేటప్పుడు పెన్‌డ్రైవ్‌కి ఎక్కిస్తుంది. వేగంగా ఉంటుంది, పెన్‌డ్రైవ్ తక్కువ అరుగుతుంది. కానీ 2 జీబీ ర్యామ్‌కి అది భారం. పైగా పాత లాప్‌టాప్‌లలో బ్యాటరీ చాలావరకు పనిచేయదు, కరెంటు పోయిందంటే ఆ పూట చేసిందంతా పోతుంది. మీరు పెర్సిస్ట్ స్టాటిక్ ఎంచుకోండి. మార్పులు నేరుగా పెన్‌డ్రైవ్‌కే వెళతాయి. కొంచెం నెమ్మది, అయినా మీ పరిస్థితికి ఇదే సరైనది.

మొదటిసారి సైజులు అడుగుతుంది. 16 జీబీ అని రాసిన పెన్‌డ్రైవ్‌లో లినక్స్ లెక్కన 14.9 ఉంటుంది. సిస్టమ్ ఫైళ్లకు దాదాపు 2, రూట్‌ఎఫ్ఎస్‌కి (సిస్టమ్‌లో, ప్రోగ్రామ్‌లలో మార్పులు) 4, హోమ్‌ఎఫ్ఎస్‌కి (మీ సొంత ఫైళ్లు) 4 ఇచ్చి మిగతా దాదాపు 5 జీబీ ఖాళీగా వదిలేయండి. ఖాళీ వృథా కాదు, దాని అవసరం కింద చెబుతాను. డెమో, రూట్ యూజర్లకు కొత్త పాస్‌వర్డ్‌లు కూడా ఇక్కడే అడుగుతుంది, తప్పక మార్చండి, పాతవి ఊరందరికీ తెలుసు. ప్రతిసారీ ఎఫ్5 నొక్కే పని లేకుండా మెనూలోని సేవ్ ఎంపికతో దీన్ని స్థిరం చేసుకోండి.

వైఫై రాకపోతే కంగారు పడకండి. అప్పటి లాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ చిప్‌లు ఎక్కువ, వాటికి ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) విడిగా దింపాల్సి రావచ్చు. దింపడానికి నెట్ కావాలి, నెట్‌కి వైఫై కావాలి అనే ముడి పడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైరుతో వచ్చిన నెట్‌లా చూస్తుంది. డ్రైవర్ ఏదీ వేయనక్కర్లేదు.

నెట్ వచ్చినా బ్రౌజర్ ప్రతి సైట్‌కీ సర్టిఫికెట్ లోపం చూపిస్తుంటే కింద తేదీ చూడండి. పాత లాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటుంది. ప్యాకేజీలు దింపేటప్పుడు 'ఈ ఫైల్ ఇంకా చెల్లదు' అనే అర్థంలో వచ్చే ఎర్రర్‌కీ కారణం అదే. తేదీ సరిచేస్తే రెండూ పోతాయి. బ్యాటరీ సాధారణంగా సీఆర్2032, లాప్‌టాప్‌లలో చిన్న వైరుతో వస్తుంది. ఇక గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు తేడా చూపిస్తే అది వేరే సంగతి. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో మన సమయం రాస్తుంది, లినక్స్ దాన్ని గ్రీనిచ్ సమయంగా చదువుతుంది. బూట్ మెనూ ఆప్షన్స్‌లో హెచ్‌డబ్ల్యూక్లాక్ లోకల్ ఎంచుకుంటే కుదురుతుంది.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ వేయండి. టైప్ చేయడానికి ఐబస్-ఎం17ఎన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండు పద్ధతులూ వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకు ఆర్‌టీఎస్ త్వరగా చేతికి వస్తుంది.

హార్డ్‌డిస్క్‌లోని ఫొటోలు లినక్స్ నుంచి చూడొచ్చు. అయితే విండోస్ 10 ఫాస్ట్ స్టార్టప్ వల్ల నిజంగా షట్‌డౌన్ అవదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డిస్క్ మీద లినక్స్ రాయనివ్వదు, బలవంతంగా రాయిస్తే ఫైళ్లు చెడతాయి. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అనే గుర్తు కూడా కనిపిస్తుంది, అది హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించేది. ఫొటోలు ఇంకోచోట భద్రంగా ఉన్నాయని తేలేదాకా దాన్ని తాకకండి.

రోజువారీ వాడకంలో నెమ్మదికి కారణం ప్రాసెసర్ కన్నా ముందు పెన్‌డ్రైవే. మామూలు పెన్‌డ్రైవ్ పెద్ద ఫైళ్లను బాగానే రాస్తుంది గానీ, చిన్న చిన్న ముక్కలు రాయాలంటే సెకనుకు ఒక ఎంబీ కూడా దాటదు. బ్రౌజర్ చేసేది సరిగ్గా ఆ పనే. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ గడిలో అబౌట్ కాన్ఫిగ్ తెరిచి, బ్రౌజర్ డాట్ కాష్ డాట్ డిస్క్ డాట్ ఎనేబుల్ అనే దాన్ని ఫాల్స్ చేయండి. తేడా మొదటిరోజే తెలుస్తుంది. ట్యాబ్‌లు నాలుగైదు మించనివ్వకండి. పెన్‌డ్రైవ్ మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) పెట్టకండి, యంత్రం గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. యూట్యూబ్ వీడియోలు తడబడితే యూట్యూబ్‌ని హెచ్264 వీడియో పంపేలా చేసే హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసి 480పీలో చూడండి. యూట్యూబ్ మామూలుగా పంపే వీపీ9 పద్ధతిలో కుదించిన వీడియోని విప్పడం కోర్ 2 డుయోకి బరువు, హెచ్264 అంత బరువు కాదు.

ఇక ఆ 5 జీబీ ఖాళీ సంగతి. అప్‌డేట్లు చేసిన ప్రతిసారీ కొత్త ప్యాకేజీ రూట్‌ఎఫ్ఎస్‌లోకి చేరుతుంది, పాతది కుదించిన సిస్టమ్ ఫైల్‌లో అలాగే ఉంటుంది. అందుకే ప్రోగ్రామ్‌లు తీసేసినా చోటు పెరగదు. రూట్‌ఎఫ్ఎస్ మూడొంతులు నిండాక కంట్రోల్ సెంటర్‌లోని రీమాస్టర్ నడపండి. మార్పులన్నిటినీ కలిపి కొత్త సిస్టమ్ ఫైల్ తయారు చేస్తుంది, రూట్‌ఎఫ్ఎస్ ఖాళీ అవుతుంది. కొత్తదీ పాతదీ ఒకేసారి పట్టాలి కాబట్టే ఖాళీ ఉంచమన్నాను. కెర్నల్ అప్‌డేట్ మాత్రం మామూలు అప్‌గ్రేడ్‌తో అమల్లోకి రాదు. కొత్త కెర్నల్ వేసి, రీమాస్టర్ చేసి, లైవ్ కెర్నల్ అప్‌డేటర్ నడిపితేనే తర్వాతి బూట్‌లో వస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో యాంటీఎక్స్ ఫోల్డర్ లోపల రూట్‌ఎఫ్ఎస్, హోమ్‌ఎఫ్ఎస్ అనే రెండు ఫైళ్లుంటాయి. మీ సెట్టింగులు, పత్రాలు అన్నీ ఆ రెండింట్లోనే. నెలకోసారి మొదటి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వాటిని ఇంకో డిస్క్‌కి కాపీ చేయండి. నడుస్తున్న పెన్‌డ్రైవ్ నుంచే కాపీ చేస్తే ఆ క్షణంలో తెరిచి ఉన్న ఫైళ్లు సగం సగం వస్తాయి. అందుకే ఆ 4 జీబీ పెన్‌డ్రైవ్‌ని తిరిగి ఇచ్చేముందు అలాంటిదే ఒకటి కొని, అందులోనూ ఐఎస్‌ఓ డీడీ మోడ్‌లో రాసి పక్కన పెట్టుకోండి.